రక్తంలో 86, వెన్నునీటిలో 33: ఒక కేసు, ఒక తప్పు లెక్క

ఇది రక్తంలో చక్కెర ఉన్నా మెదడుకి సరిగా చేరని ఒక బాబు కథ. పైన ఉన్న రెండు సంఖ్యలు అతని గ్లూకోజ్‌వి. బాబు వయసు, ఊరు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. రాసింది తల్లిదండ్రులకి చదివి వినిపించాను, వాళ్ళు సరేనన్నారు. పరీక్షల సంఖ్యలు మాత్రం కేసు షీటులో ఉన్నవే. నేను పిల్లల న్యూరాలజీ చూస్తాను, లెక్కల మనిషిని కాను. మెదడుకి ఎంత చక్కెర చేరుతుందో అంచనా వేయడానికి నేను వాడిన మోడల్ ఎక్సెల్‌లో ఒక షీటు, అంతే. దానికి ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా చాలు. అయినా ఆ షీటు నన్ను ఒకసారి తప్పుదోవ పట్టించింది, తర్వాత దారిలో పెట్టింది. రెండూ రాయాలనే ఇది మొదలుపెట్టాను.

వచ్చినప్పుడు

బాబుకి మూడేళ్ళ ఎనిమిది నెలలు, 13 కిలోలు. నాలుగో నెలలో ఫిట్స్ మొదలయ్యాయి. ముందు ఫినోబార్బిటోన్, తర్వాత లెవెటిరాసెటామ్, ఆరు నెలల క్రితం వాల్‌ప్రోయేట్. కొత్త మందు కలిపిన ప్రతిసారీ పది రోజులు బాగుంటుంది, మళ్ళీ మామూలే. నడక తూలుతుంది. మాటలు ఇరవై దాటవు. పుట్టినప్పుడు తల చుట్టుకొలత సరిగానే ఉంది, ఇప్పుడు 46.5 సెంటీమీటర్లు, అంటే వయసుకి చిన్నది. ఎంఆర్ఐ రెండుసార్లు తీశారు, రెండూ నార్మల్.

మొదటి రోజే అమ్మమ్మ ఒక మాట చెప్పింది. "పొద్దున్నే వస్తాయండీ. కడుపులో ఏదైనా పడితే తేరుకుంటాడు." నిద్ర లేవగానే ఫిట్స్ రావడం చాలా మంది పిల్లల్లో చూస్తాం. అందుకని కేసు షీటులో 'పొద్దున ఎక్కువ' అని రాసుకుని ముందుకెళ్ళిపోయాను. ఆవిడ చెప్పిన రెండో సగం, తినడం గురించిన సగం, రాసుకోలేదు.

ఇంకో తప్పు కూడా నాదే. ఫైల్లో ఐదో నెల నాటి వెన్నునీటి (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) రిపోర్టు ఉంది. గ్లూకోజ్ 38 (డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో), కణాలు 3, ప్రోటీన్ మామూలు. అప్పట్లో మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) అనుకుని పది రోజులు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. మెనింజైటిస్ వల్ల గ్లూకోజ్ అంత పడిపోతే కణాలైనా పెరగాలి, ప్రోటీన్ అయినా పెరగాలి. రెండూ లేకుండా గ్లూకోజ్ ఒక్కటే తగ్గితే అది వేరే కథ. ఆ రోజు రక్తంలో చక్కెర ఎంతో ఎవరూ చూడలేదు. నేను ఆ కాగితం చూశాను, పాతది కదా అని తిప్పేశాను.

రెండోసారి వచ్చినప్పుడు ఓపీ కాస్త ఖాళీగా ఉంది. "బాబు లేచిన దగ్గర్నుంచి ఏ గంటకి ఏం జరుగుతుందో చెప్పండమ్మా" అన్నాను. ఆరున్నరకి లేస్తాడు. వెంటనే పావు గ్లాసు టీ, అందులో ముంచి రెండు బిస్కెట్లు. ఏడులోపు ఒకటో రెండో ఫిట్స్, కళ్ళు ఒక్కసారిగా పక్కకి తిరిగిపోవడం, తలా అటే తిరగడం. ఎనిమిదిన్నరకి ఇడ్లీ. తొమ్మిదిన్నరకి అదే పిల్లవాడు గోడ పట్టుకోకుండా నడుస్తాడు. సాయంత్రం పరిగెత్తి అలిసిపోతే మళ్ళీ కాలు ఈడుస్తాడు. ఇది విన్నాక పాత ఫైలు తెరిచి ఆ 38 దగ్గర ఆగాను.

వెన్నునీరు తీసిన పద్ధతి

దీన్ని కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ముందు ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), ఉదయం ఎనిమిదింటికి పరగడుపున ఒకటి, తిన్న రెండు గంటలకి ఇంకొకటి. మొదటి దాంట్లో ఫిట్స్‌ని సూచించే స్పైక్ వేవ్‌లు గుంపులు గుంపులుగా వచ్చాయి, రెండో దాంట్లో అక్కడొకటి ఇక్కడొకటి.

మర్నాడు వెన్నునీరు. రాత్రి పదకొండు తర్వాత ఏమీ పెట్టలేదు. తెల్లవారుజామున ఐదింటికి తీయాలనుకున్నాం. పిల్లవాడు ఏడిస్తే, భయపడితే నిమిషాల్లో రక్తంలో చక్కెర పెరుగుతుంది, వెన్నునీటిలో చక్కెర మాత్రం అంత తొందరగా పెరగదు. అందుకే రక్తం తీసే క్యాన్యులా (రక్తనాళంలో ఉంచే సన్నని గొట్టం) ముందు రాత్రే పెట్టించాం. తల్లి ఒళ్ళో పడుకుని ఉండగానే రక్తం తీసి, ఆ తర్వాతే వెన్నుకి సూది. ఈ వరస తిరగేస్తే నిష్పత్తి తప్పుగా తక్కువొచ్చి, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. పరగడుపున కాకుండా తిన్నవాడికి తీస్తే ఉన్న జబ్బు దాక్కోవచ్చు.

రక్తంలో 86, వెన్నునీటిలో 33. నిష్పత్తి 0.38. మామూలుగా ఇది 0.6 చుట్టూ ఉంటుంది. వెన్నునీటిలో లాక్టేట్ కూడా తక్కువే, లీటరుకి 0.9 మిల్లీమోల్స్. కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా జబ్బులైతే లాక్టేట్ పెరగాలి. ఇక మిగిలిన పెద్ద అనుమానం ఒకటే, గ్లూట్-1 లోపం. 1991లో డి వివో బృందం ఇద్దరు పిల్లల్లో మొదటిసారి వర్ణించిన జబ్బు ఇది. రక్తం నుంచి మెదడుకి గ్లూకోజ్‌ని దాటించే రవాణా ప్రోటీనే గ్లూట్-1. దాని తయారీకి రెండు జీన్ ప్రతులు ఉంటాయి, వాటిలో ఒకటి చెడిపోతుంది. ఎక్కువ మందిలో ఇది తల్లిదండ్రుల నుంచి రాదు, బిడ్డలోనే కొత్తగా వస్తుంది. ఆ జీన్ పేరు ఎస్ఎల్‌సీ2ఏ1, దాని పరీక్షకి పంపాం. రిపోర్టుకి ఆరు వారాలన్నారు.

"మరి చక్కెర ఎక్కిస్తే సరిపోదా?"

అమ్మమ్మ అడిగిన ఈ ప్రశ్నకి నా దగ్గర ఆ రోజు సరైన జవాబు లేదు. మెదడుకి చక్కెర చాలట్లేదని చెప్పింది నేనే. ఇంకాస్త ఎక్కువ పెట్టమని చెప్పడం సహజంగానే తోచింది. మూడు గంటలకోసారి తిండి, రాత్రి పడుకునే ముందు పచ్చి మొక్కజొన్న పిండి కలిపిన పాలు, నాలుగింటికి లేపి ఇంకో గ్లాసు. రెండు వారాల్లో వారానికి ఐదు రోజులు వచ్చే పొద్దుటి ఫిట్స్ మూడు రోజులకి తగ్గాయి. నడకలో తేడా లేదు. బరువు 700 గ్రాములు పెరిగింది. తల్లికి నిద్ర లేదు.

నిజానికి ఈ అనుమానం గట్టిగా ఉన్నప్పుడు జీన్ రిపోర్టు కోసం ఆగకుండా కీటో ఆహారం (కొవ్వు ఎక్కువ, పిండి పదార్థం అతి తక్కువ) మొదలుపెట్టాలి, నిపుణుల సిఫార్సు కూడా అదే. అన్నం తినే ఇంట్లో అన్నం మానేయమని చెప్పడానికి చేతిలో కాగితం ఉంటే బాగుండునని ఆగాను. ఆ రెండు వారాలు నేను పోగొట్టినవే.

సగం సగం ఫలితం ఎందుకొచ్చిందో అర్థం కాక, ఒక ఆదివారం ఎక్సెల్ తెరిచాను.

లెక్క

మెదడుకీ రక్తానికీ మధ్య గోడ ఉందన్న ఆనవాలు పాతదే. 1885లో పాల్ ఎర్లిచ్ రక్తంలోకి రంగులు ఎక్కిస్తే ఒళ్ళంతా రంగు పట్టి మెదడు మాత్రం తెల్లగా ఉండిపోయింది. 1967లో రీస్, కర్నోవ్‌స్కీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఆ గోడ ఎక్కడుందో చూపించారు. అది మెదడు కేశనాళికల లోపలి కణాల మధ్య ఉన్న బిగుతైన అతుకుల్లో ఉంది. గ్లూకోజ్ లాంటివి ఆ గోడలోంచి కారవు, ఎవరో మోసుకుపోవాలి. అంతకు రెండేళ్ళ ముందే, 1965లో, క్రిస్టియన్ క్రోన్ గ్లూకోజ్‌కి అలాంటి వాహకం ఉందని కొలిచి చెప్పాడు.

నేను వాడింది రోల్ఫ్ గ్రూటర్ బృందం 1998లో ప్రచురించిన సమీకరణం. బతికున్న మనిషి మెదడులో గ్లూకోజ్‌ని ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీతో (ఎంఆర్ఐ యంత్రంతోనే రసాయనాలని కొలిచే పద్ధతి) కొలిచి, దానికి రెండు మోడళ్ళు సరిపోల్చారు. పాత మోడల్‌లో గ్లూకోజ్ మెదడువైపు దిగాక దాని రవాణాకి అడ్డం రాదు. కొత్త దాంట్లో వాహకాలు తిరుగు ప్రయాణంలో కూడా గ్లూకోజ్‌ని ఎక్కించుకుంటాయి. గోదావరి రేవులో పంటు అవతలి ఒడ్డు నుంచి ఖాళీగా తిరిగి రాదు కదా, అలాగ. కొలతలకి బాగా కుదిరింది ఈ రెండోదే. దాన్ని విప్పితే ఇంత సులువుగా వస్తుంది:

మెదడులో గ్లూకోజ్ = [(ని − 1) × రక్తంలో గ్లూకోజ్ − 11] ÷ (ని + 1)

ఇక్కడ 'ని' అంటే గోడ గరిష్ఠంగా దాటించగలిగినదానికీ మెదడు ఖర్చు చేసేదానికీ ఉన్న నిష్పత్తి. ఆరోగ్యవంతులైన పెద్దల్లో అది సుమారు 2.3 అని తేలింది. 11 అన్నది పంట్లు సగం నిండే స్థాయి, మిల్లీగ్రాముల్లో. ఈ 11 అంత గట్టి సంఖ్య కాదు, దాని చుట్టూ కొలత దోషం చాలా ఎక్కువ. దశాంశాల మీద పందెం కాయకూడదు.

నా మొదటి తప్పు ఇక్కడ జరిగింది. రక్తంలో 86 తెలుసు, 'మెదడులో' అన్నచోట వెన్నునీటి 33 పెట్టేశాను. 'ని' ఎంతొచ్చిందో చూస్తే 2.45. అంటే ఆరోగ్యవంతుల 2.3 కన్నా ఎక్కువ. నా షీటు ప్రకారం పిల్లవాడికి జబ్బే లేదు! పావుగంట సేపు నా అనుమానమే తప్పేమో అనిపించింది. ఇంట్లో వాళ్ళకి ఏం చెప్పాలా అని కూడా ఆలోచించాను.

తర్వాత మామూలు మనిషి సంఖ్యలు వేసి చూశాను. 'ని' 2.3, రక్తంలో 86 అయితే మెదడులో 30 వస్తోంది. కానీ మామూలు మనిషి వెన్నునీటిలో 50, 55 ఉంటుంది. అంటే తప్పు పిల్లవాడిలో లేదు, నేను అడిగిన ప్రశ్నలో ఉంది. వెన్నునీరు ఎక్కువగా కోరాయిడ్ ప్లెక్సస్‌లో (మెదడు లోపలి గదుల్లో ఉండే రక్తనాళాల గుత్తి) తయారవుతుంది. అక్కడ పక్కనే నిల్చుని గ్లూకోజ్‌ని మింగేసే న్యూరాన్లు ఉండవు. నేను చూసింది నది మధ్యలో నీళ్ళు, నాకు కావలసింది పొలంలో మొక్క మొదలు దగ్గరి తడి. వెన్నునీటి సంఖ్య జబ్బు గుర్తుపట్టడానికి పనికొస్తుంది, ఈ సమీకరణంలో పెట్టడానికి పనికిరాదు.

ఈసారి తిరగేసి వేశాను. ఒక జీన్ చెడితే వాహకాలు సగమవుతాయి, కాబట్టి 2.3లో సగం 1.15. అప్పుడు రక్తంలో 86 ఉంటే మెదడులో ఒక్క మిల్లీగ్రాము కూడా లేదు. రక్తంలో 73 దగ్గర సున్నా. మామూలు మనిషిలో ఆ సున్నా 10 కన్నా కింద వస్తుంది. మూడేళ్ళ పిల్లవాడికి రాత్రంతా పరగడుపున 73 అన్నది వింత సంఖ్యేమీ కాదు. పొద్దున ఆరున్నర ఎందుకో అప్పుడు అర్థమైంది.

సున్నా అంటే మెదడు ఆగిపోయినట్టు కాదు. ఈ మోడల్ ఖర్చు ఎప్పుడూ ఒకటే అనుకుంటుంది. నిజంలో నిల్వ అడుగంటితే మెదడు ఖర్చు తగ్గించుకుంటుంది, ఆ తగ్గింపే మనకి తూలుడుగా, ఫిట్స్‌గా కనబడుతుంది. అందుకే 73ని హద్దుగా చూశాను, ఫిట్ వచ్చే ముహూర్తంగా కాదు.

ఇక అమ్మమ్మ ప్రశ్న. రక్తంలో 86ని 140 చేస్తే? మామూలు మెదడులో 30 కాస్తా 52 అవుతుంది. ఈ బాబుకి ఒకటి కాస్తా నాలుగున్నర. పైగా ఇవన్నీ పెద్దవాళ్ళ సంఖ్యలు. చిన్నపిల్లల మెదడు, ముఖ్యంగా మూడు నుంచి పదేళ్ళ మధ్య, పెద్దల కన్నా ఇంచుమించు రెండు రెట్లు గ్లూకోజ్ కాలుస్తుంది. జాగ్రత్తగా ఒకటిన్నర రెట్లే అనుకున్నా 'ని' 0.77కి దిగిపోతుంది. ఒకటికి దిగువకి వచ్చిందంటే ఏ స్థాయి చక్కెరా లోటు పూడ్చదు. 86 దగ్గర అవసరంలో 68 శాతమే గోడ దాటి మెదడుకి చేరుతుంది, 140 దగ్గర 71 శాతం. నేను ఆ తల్లిని రెండు వారాలు నాలుగింటికి లేపింది ఆ మూడు శాతం కోసం. ఒకటిన్నర రెట్లన్నది నా ఊహే, అయితే ఆ ఊహని అటూ ఇటూ కదిపినా చక్కెర పెంచడం వల్ల లాభం పెద్దగా కదలట్లేదు. నాకు కావలసిన జవాబు అంతవరకే.

తర్వాత వాళ్ళొచ్చినప్పుడు పంటు కథే చెప్పాను. "రేవులో పంట్లు సగమయ్యాయమ్మా. ఒడ్డున జనాన్ని రెట్టింపు చేస్తే ఏం లాభం?" ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "అలాంటప్పుడు మేం ఎగువ రేవుకి పోతామండీ" అంది.

ఎగువ రేవు

ఆ రేవు పేరు ఎంసీటీ-1, గోడలోనే ఉన్న ఇంకో రవాణా ప్రోటీన్. కొవ్వు కరిగినప్పుడు లివర్ తయారుచేసే కీటోన్లు గ్లూట్-1తో పని లేకుండా దీనిలోంచి మెదడుకి చేరతాయి. వారాల తరబడి ఉపవాసం ఉన్నవాళ్ళలో మెదడు ఇంధనంలో సగానికి పైగా కీటోన్లే అని 1967లో ఓవెన్, కేహిల్ బృందం చూపించింది. కొవ్వు ఎక్కువ, పిండి పదార్థం అతి తక్కువ ఉన్న ఆహారంతో ఫిట్స్‌కి చికిత్స 1921లో మేయో క్లినిక్‌లో మొదలైంది. గ్లూట్-1 లోపంలో మిగతా చోట్లలా మందులు పనిచేయనప్పుడు వాడేది కాదు, మొదటి చికిత్సే ఇది.

ఈ రేవుకి లెక్క ఇంకా తేలిక. మనకి కావలసిన స్థాయిల్లో ఇది నిండిపోదు, రక్తంలో ఎంత పెరిగితే మెదడుకి అంత వెళుతుంది. రక్తంలో 1 మిల్లీమోల్‌కి మెదడు అవసరంలో ఇంచుమించు 10 శాతం అని మోటుగా ఒక గీత గీసుకున్నాను. లోటు 30 శాతం చుట్టూ ఉంది కాబట్టి 3 మిల్లీమోల్స్ దాటాలి.

ముందు ఎసైల్‌కార్నిటైన్ పరీక్ష చేయించాం. కొవ్వుని కాల్చలేని జబ్బు ఏదైనా ఉంటే ఈ ఆహారం ప్రాణం మీదకి తెస్తుంది. అది సరిగా ఉందని తేలాక వార్డులో పెట్టి, నాలుగు రోజుల్లో మెల్లగా 3:1కి తెచ్చాం. అంటే కొవ్వు మూడు గ్రాములకి ప్రోటీన్, పిండి పదార్థం కలిపి ఒక గ్రాము. 1000 కేలరీలకి కొవ్వు 97 గ్రాములు, మిగతా రెండూ కలిపి 32. అందులో ప్రోటీన్‌కి 15 తీసేస్తే పిండి పదార్థానికి 17 గ్రాములు మిగిలాయి. రోజు మొత్తానికి వండిన అన్నం 60 గ్రాములు తింటే ఆ లెక్క అయిపోతుంది. డైటీషియన్ త్రాసులో తూచి చూపిస్తే తల్లి ఆ రెండు ముద్దల వైపు చాలాసేపు చూసింది. చివరికి అన్నం జాబితాలోంచే తీసేశారు. గుడ్డు, వెన్న, పనీరు, కొబ్బరి, నేతిలో మగ్గిన కాలీఫ్లవర్ తురుము, నూనె తేలే తోటకూర. విటమిన్లు, కాల్షియం బయట నుంచి.

వాల్‌ప్రోయేట్, ఫినోబార్బిటోన్ రెండూ ల్యాబులో గ్లూట్-1ని ఇంకా అణుస్తాయని తేలిన మందులే. ఉన్న సగం పంట్లకి తాళాలేసినట్టు. మొదటిదాన్ని ముందు తీసేశాం, రెండోదాన్ని ఆరు వారాల్లో కొంచెం కొంచెంగా. టీలోని కెఫీన్, థియోఫిలిన్‌ల పని కూడా అదే. టీ ఆ రోజే ఆపించాం.

మళ్ళీ ఎక్కడ తప్పింది

ఆరు వారాలైంది. జీన్ రిపోర్టు వచ్చి జబ్బు ఖాయమైంది. మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్ రోజూ ముదురు రంగే, అంటే కీటోన్లు బాగా ఉన్నట్టే. కానీ పొద్దుటి ఫిట్స్ వారానికి రెండు మూడు ఇంకా ఉన్నాయి. ఆహారం పనిచేయట్లేదని 4:1కి పెంచుదామనుకున్నాను. పెంచే ముందు పొద్దున ఆరింటికి వేలి మీద రక్తంతో కీటోన్ చూడమన్నాను. 1.4. అదే రోజు సాయంత్రం ఐదింటికి 3.9.

మూత్రం స్ట్రిప్ చెప్పేది అసిటోఅసిటేట్ అనే ఒక కీటోన్ సంగతి. అది కూడా గడిచిన కొన్ని గంటల్లో మూత్రాశయంలో చేరినదాని సంగతి. మెదడుకి ఇంధనం అందించే ఇంకో కీటోన్, బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్, ఆ క్షణంలో రక్తంలో ఎంతుందో అది చెప్పదు. 1.4 అంటే నా గీత ప్రకారం 14 శాతం, లోటులో సగం. సరిగ్గా ఫిట్స్ వచ్చే వేళకే సగం. కావలసింది రోజు మొత్తంలో ఎక్కువ కొవ్వు కాదు, రాత్రి ఎక్కువ కొవ్వు.

నిష్పత్తి మార్చకుండా రోజు కొవ్వులో కొంత భాగాన్ని రాత్రి పదింటికి జరిపాం, అందులో ఎంసీటీ నూనె (తొందరగా కీటోన్లుగా మారే కొవ్వుల నూనె, ఎంసీటీ-1తో దీనికి సంబంధం లేదు) కలిపి. కొబ్బరి నూనె వాడితే సరిపోదా అని తండ్రి అడిగాడు, చాలామందికి ఉన్న అనుమానమే. కొబ్బరి నూనెలో సగం దాకా లారిక్ ఆమ్లం, వెంటనే కీటోన్లుగా మారే, అంతకన్నా పొట్టి గొలుసుల కొవ్వు ఆమ్లాలు అందులో తక్కువ. నాలుగో రోజుకి పొద్దుటి రీడింగ్ 3.2. మూడో వారం తర్వాత పొద్దుటి ఫిట్స్ లేవు.

టీ మానడం, వాల్‌ప్రోయేట్ తీయడం, ఆహారం అన్నీ దగ్గర దగ్గరగా మార్చేశాం కాబట్టి దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేను. రాత్రి పది గంటల నూనె ఒక్కటే విడిగా మార్చాం, దాని గురించి మాత్రమే ధైర్యంగా చెప్పగలను.

ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. తొమ్మిది నెలలుగా ఫిట్స్ లేవు. లెవెటిరాసెటామ్ కూడా ఆపేశాం. గోడ వదిలేసి నడుస్తున్నాడు, మూడు మాటల వాక్యాలు చెబుతున్నాడు. తల చిన్నగానే ఉంది, చదువులో వెనకబాటు ఉండిపోతుందనే అనుకుంటున్నాను. ఐదో నెలలో ఆ 38 దగ్గర ఎవరైనా ఆగి ఉంటే ఎంత మిగిలేదో, ఆ లెక్క ఏ షీటులోనూ వేయలేను.

మధ్యలో ఒకసారి జ్వరం వచ్చి, ఊళ్ళో ఒక క్లినిక్‌లో నీరసంగా ఉన్నాడని గ్లూకోజ్ సెలైన్ ఎక్కించారు. రాత్రికి కీటోన్లు 3.8 నుంచి 1.2కి పడిపోయాయి, తెల్లారేసరికి రెండు ఫిట్స్. వాళ్ళని తప్పుపట్టలేం. సెలైన్ పెట్టమని పట్టుబట్టింది ఇంట్లోవాళ్ళే, జ్వరమొస్తే మనందరం అడిగేదీ అదే. ఆ తర్వాత ఒక కార్డు రాసి లామినేట్ చేయించి ఇచ్చాను. చక్కెర చూడకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కించవద్దు, తీపి సిరప్‌లకి బదులు మాత్రలు ఇవ్వండి, ఫినోబార్బిటోన్, వాల్‌ప్రోయేట్ వద్దు, కింద నా ఫోన్ నంబరు. చదివి వినిపిస్తుంటే అమ్మమ్మ ఆపి ఇంకో లైను కలపమంది. "చుట్టాలిళ్ళకి వెళితే ఇదే గొడవండీ" అంటూ. అందుకే కార్డు మీద పెద్ద అక్షరాలతో చివరి లైను అదే: బాబుకి టీ ఇవ్వకండి.